లిపిడ్ బొమ్మ చూసి పొర ఎంత లీక్ అవుతుందో అంచనా వేయడం ఎలా

పద్నాలుగేళ్లుగా నా పని లైపోజోములతోనే. నీటిని ఇష్టపడే తల, నూనెలాంటి తోకలు (సాధారణంగా రెండు) ఉన్న అణువులను లిపిడ్లు అంటారు. వాటితో చేసిన అతి చిన్న బుడగలు అవి. లోపల నీళ్లు, చుట్టూ కణత్వచం లాంటి పొర. ల్యాబ్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్లూ మొదటి వారంలోనే ఏదో ఒక లిపిడ్ అణువు బొమ్మ పట్టుకొచ్చి ఒకటే అడుగుతారు: "మేడమ్, దీంతో చేస్తే లోపలిది నిలుస్తుందా, బయటికొచ్చేస్తుందా?" పుస్తకాల్లో జవాబు ఉంది, కానీ ముక్కలు ముక్కలుగా ఉంది. సంతృప్త తోకల గురించి ఒక చోట, కొలెస్ట్రాల్ గురించి మరో చోట, తలల గురించి ఇంకెక్కడో. బొమ్మ ముందు పెట్టుకుని ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అన్నది మాత్రం ఎవరికి వాళ్లే తేల్చుకోవాల్సి వస్తుంది. నేను చూసే వరస ఇక్కడ రాస్తున్నాను.

వరసలో ఎన్ని మెట్లున్నా, ప్రతి మెట్టు దగ్గరా నేను అడిగేది ఒక్కటే: ఇలాంటి అణువులు లక్షల్లో పక్కపక్కన నిలబడితే, వాటి తోకల మధ్య ఎంత ఖాళీ మిగులుతుంది? ఈ ప్రశ్న వదలకుండా పట్టుకుంటే చాలావరకు దారి తప్పరు.

దాటేది ఎవరో ముందు తేల్చుకోండి

"ఈ పొర పారగమ్యత ఎంత", అంటే తనలోంచి ఎంత దాటనిస్తుంది, అని ఊరికే అడిగితే జవాబు ఉండదు. దేనికి పారగమ్యం అన్నది కూడా చెప్పాలి. పొర నడిమధ్యన తోకలుండే భాగం మందం సుమారు 3 నానోమీటర్లే. కానీ అది నూనెలాంటి చోటు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అందులోంచి సునాయాసంగా వెళ్లిపోతాయి. నీటి అణువుకు అక్కడ ఇష్టం లేకపోయినా, చిన్నది కాబట్టి దాటేస్తుంది. సోడియం అయాన్ సంగతి వేరు. దాని చుట్టూ నీటి అణువులు గట్టిగా పట్టుకుని ఉంటాయి. వాటిని వదిలి నూనెలోకి అడుగు పెట్టాలంటే చాలా శక్తి కావాలి. అంకెల్లో చూస్తే నీటి పారగమ్యత గుణకం సెకనుకు సెంటీమీటరులో వందో వంతు నుంచి వెయ్యో వంతు దాకా ఉంటుంది. సోడియంది దానికన్నా వంద కోట్ల రెట్లకు పైగా తక్కువ. పొర అదే, లిపిడ్ అదే, తేడా మాత్రం అంత!

నూనెలో బాగా కరిగే పదార్థాలు కణంలోకి త్వరగా చేరతాయని ఛార్లెస్ ఎర్నెస్ట్ ఓవర్టన్ 1890లలోనే గమనించాడు. ఇప్పుడు మనం వాడే లెక్క దానికి కొనసాగింపే. ఒక పదార్థం నీటిని వదిలి తోకల మధ్యకు ఎంత మేరకు చేరుతుందో, అక్కడ ఎంత చురుగ్గా కదులుతుందో చూసి, ఆ రెంటినీ గుణించి పొర మందంతో భాగించాలి. లిపిడ్ నిర్మాణం మారితే ఈ మూడూ మారతాయి, కానీ సమానంగా కాదు. విద్యార్థులు మొట్టమొదట చూసేది మందాన్నే. తోక పొడుగైతే గోడ మందమవుతుంది, కాబట్టి లీక్ తగ్గుతుందని లెక్క వేస్తారు. తోకలో కార్బన్లు 14 నుంచి 18కి పెరిగితే మందం పెరిగేది పావు వంతు మేర మాత్రమే. రకరకాల లిపిడ్ పొరల మీద నీటి పారగమ్యతను కొలిచి 2008లో వెలువరించిన ఒక పరిశోధనలో, అది మందంతో కన్నా ఒక్కో లిపిడ్ ఆక్రమించే వైశాల్యంతో చాలా దగ్గరగా ముడిపడి ఉన్నట్టు తేలింది. వైశాల్యం ఎక్కువంటే తోకల మధ్య ఖాళీ ఎక్కువ.

అయాన్ల విషయంలో మాత్రం మందాన్ని తీసిపారేయకండి. పొర పల్చనైతే క్షణకాలం పాటు నీరు నిండిన సన్నని చీలికలు ఏర్పడటం తేలికవుతుంది, అయాన్లు వాటిలోంచి జారిపోతాయి. పొట్టి తోకల పొరల్లో పొటాషియం లీక్ అనేక రెట్లు పెరిగేది అందుకే.

తోకలు: ఎక్కువసేపు చూడాల్సింది ఇక్కడే

కొత్తగా వచ్చినవాళ్ల చేతికి నేను ముందు లిపిడ్ ఇవ్వను, అల్యూమినియం తీగ ముక్కలు ఇస్తాను. ఒకే పొడవున్నవి ఇరవై. ముందు తిన్నగా ఉన్నవాటిని గుప్పిట్లో పట్టుకోమంటాను. కట్టెల మోపులాగా బిగువుగా కుదురుతాయి. తర్వాత ఒక్కోదాన్ని సరిగ్గా నడిమిలో సుమారు 30 డిగ్రీలు వంచి మళ్లీ పట్టుకోమంటాను. ఈసారి గుప్పిట మూతపడదు. ఒకటి ఇటు, ఒకటి అటు పొడుచుకొస్తుంది, మధ్యలో వెలుతురు కనిపిస్తుంది. మూడోసారి వంపు పక్కనే దానికి ఎదురు వంపు పెట్టమంటాను. తీగ చిన్న మెలికతో మళ్లీ తిన్నగానే సాగుతుంది, గుప్పిట దాదాపు మూతపడుతుంది. మొదటిది ద్విబంధం లేని సంతృప్త తోక, రెండోది సిస్ ద్విబంధం (తోకను ఒక పక్కకు వంచేది) ఉన్నది, మూడోది ట్రాన్స్ ద్విబంధం (తోకను దాదాపు తిన్నగానే ఉంచేది) ఉన్నది.

చేతికి తెలిసిన ఈ తేడానే థర్మామీటరు కూడా చూపిస్తుంది. ఒకే తల, రెండేసి 18 కార్బన్ల తోకలు ఉన్న మూడు ఫాస్ఫాటిడైల్‌కోలిన్లను (కోలిన్ తల ఉన్న లిపిడ్లను) తీసుకోండి. తోకలు పూర్తిగా సంతృప్తమైతే పొర గట్టి స్థితి వదిలి ద్రవస్థితికి మారేది 55 డిగ్రీల సెల్సియస్ దగ్గర. దీన్నే కరిగే ఉష్ణోగ్రత అంటాం. తోకకో ట్రాన్స్ ద్విబంధం ఉంటే 12 దగ్గర. అదే ద్విబంధం సిస్ అయితే మైనస్ 17 దగ్గర. కార్బన్ల సంఖ్య ఒకటే, ద్విబంధం ఉన్న చోటూ ఒకటే, మారింది వంపు ఒక్కటే.

కాబట్టి బొమ్మలో ద్విబంధం కనిపించగానే మూడు సంగతులు చూడండి. మొదటిది, అది సిసా, ట్రాన్సా. రెండోది, ఎక్కడుంది. తోక నడిమిలో ఉంటే కుదురు బాగా చెదురుతుంది, చివరికో మొదలుకో జరిగే కొద్దీ ప్రభావం తగ్గుతుంది. మూడోది, ఎన్ని ఉన్నాయి. కరిగే ఉష్ణోగ్రతను బాగా కిందికి లాగేది మొదటి ద్విబంధమే. రెండోది, మూడోది వచ్చేసరికి ఆ దిగుడు చిన్నదవుతుంది. అలాగని వాటిని పట్టించుకోనక్కర్లేదని అనుకోకండి. ఒకే తోకలో రెండో అంతకన్నా ఎక్కువో ఉంటే నీటి పారగమ్యత స్పష్టంగా పెరుగుతుంది. కరిగే ఉష్ణోగ్రత ఒక్కటే చూసి లీక్ మొత్తం చెప్పేయలేం అనడానికి ఇది మంచి ఉదాహరణ.

కణాల్లో మామూలుగా కనిపించే ఫాస్ఫోలిపిడ్లలో తలను, తోకలను కలిపే గ్లిసరాల్ మొదటి కార్బన్ మీద సంతృప్త తోక, రెండోదాని మీద అసంతృప్త తోక ఉంటాయి. మేం రోజూ వాడే పీఓపీసీ అనే లిపిడ్ ఆ కోవకే చెందుతుంది. ఒక కాలు తిన్నగా, ఒక కాలు వంచి నిలబడినట్టు ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర కూడా గడ్డకట్టదు, అలాగని మరీ వదులూ కాదు.

ఏ ఉష్ణోగ్రత దగ్గర అడుగుతున్నారు?

బొమ్మ ఎంత బాగా చదివినా, ఉష్ణోగ్రత చెప్పకుండా చేసిన అంచనాకు విలువ లేదు. రెండు 16 కార్బన్ల సంతృప్త తోకలున్న డీపీపీసీ 41 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గట్టి స్థితిలో ఒక్కో అణువు ఆక్రమించే చోటు సుమారు 0.48 చదరపు నానోమీటర్లు. ద్రవస్థితిలో సుమారు 0.63. అణువు అదే, అయినా నిలబడే చోటు మూడో వంతు పెరిగింది.

ఇక్కడ చాలామంది పొరపడతారు. వేడి పెరిగే కొద్దీ లీక్ అలా పెరుగుతూనే పోతుందనుకుంటారు. డీపీపీసీ బుడగల్లో రంగు నింపి మెల్లగా వేడి చేస్తూ చూడండి. 25 డిగ్రీల దగ్గర కదలిక ఉండదు. 37 దాటాక మొదలవుతుంది. 41 దగ్గర కట్ట తెగినట్టు బయటికొస్తుంది. ఇంకో తాజా నమూనాను గబగబా 50 డిగ్రీలకు తీసుకెళ్లి పెడితే, 41 దగ్గర కన్నా నెమ్మదిగా లీక్ అవుతుంది. కరిగే ఉష్ణోగ్రత దగ్గర పొరలో కొంత గట్టిగా, కొంత ద్రవంగా పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండూ కలిసే అంచుల్లో తోకలు సరిగా కుదరవు, అసలు దారి అక్కడే. సోడియం లీక్ ఇలా ఆ ఒక్క చోట శిఖరంలా లేస్తుందని 1970ల తొలినాళ్లలోనే చూశారు. శరీరంలో కాస్త వేడి చేసిన చోట మాత్రమే మందు విడుదలయ్యేలా లైపోజోములను తయారు చేయడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

బాక్టీరియాకు ఈ లెక్క బాగా తెలుసు. పెరిగే ఉష్ణోగ్రత మారితే ఈ.కోలి తన తోకల్లో సంతృప్త, అసంతృప్త పాళ్లు మార్చుకుని పొర బిగువును దాదాపు ఒకేలా ఉంచుకుంటుందని 1974లో పరిశోధకుడు సినెన్‌స్కీ చూపించాడు. ఆ ఫలితం గురించి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. థర్మామీటరు లేని ఒక్క కణం ఆ పని చేస్తోంది మరి!

తల

తల దగ్గర రెండు చూడాలి: సైజు, ఛార్జి. కోలిన్ తలలో నైట్రోజన్ మీద మూడు మిథైల్ గుంపులుంటాయి, అది కాస్త లావు. ఇథనాలమీన్ తల చిన్నది, పైగా పక్కవాటితో హైడ్రోజన్ బంధాలు కట్టుకుంటుంది. అవే 16 కార్బన్ల తోకలకు కోలిన్ బదులు ఇథనాలమీన్ పెడితే కరిగే ఉష్ణోగ్రత 41 నుంచి 63కి ఎగబాకుతుంది. తల చిన్నదైతే తోకలు దగ్గరకు జరుగుతాయి.

అయితే దీన్ని గుడ్డిగా వాడకండి. ఇథనాలమీన్ తల ఉన్న డీఓపీఈ అనే లిపిడ్ బొమ్మ చూడండి. తల చిన్నది, తోకలు రెండూ వంగినవి. కింద వెడల్పు, పైన సన్నం. "తల చిన్నది కాబట్టి బిగువైన పొర వస్తుంది" అని రాసిన విద్యార్థులను చాలామందినే చూశాను. నిజానికి ఈ లిపిడ్‌తో ల్యాబ్ గది వేడిలో బుడగే నిలవదు. సుమారు 10 డిగ్రీలు దాటితే అది చదునైన పొరగా ఉండదు, తలలు లోపలికి పెట్టుకుని గొట్టాల్లా చుట్టుకుంటుంది. ఆకారం కుదరకపోతే పారగమ్యత అన్న ప్రశ్నే రాదు. దీనికి ఎదురు ఉదాహరణ లైసోలిపిడ్. తల మామూలుదే, తోక ఒక్కటే. పొరలో కాస్త ఎక్కువ చేరిందంటే సబ్బులా పనిచేసి చిల్లులు పెడుతుంది. పాము విషంలో, తేనెటీగ విషంలో ఉండే ఫాస్ఫోలైపేజ్ ఏ2 ఎంజైము చేసేది ఇదే పని, మంచి ఫాస్ఫోలిపిడ్ నుంచి ఒక తోక తెంచడం.

ఛార్జి సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫాస్ఫాటిడైల్‌సెరిన్ లాంటి రుణావేశం ఉన్న తలలు ధన అయాన్లను, ప్రోటాన్లను పొర వాకిలి దగ్గరకు చేరుస్తాయి. వాకిట్లో గుంపు పెరుగుతుంది కానీ లోపలి నూనె మాత్రం మారదు. కాల్షియం ఉంటే అది ఈ తలలను పట్టి దగ్గరకు లాగుతుంది. పీహెచ్‌ను నిలిపే మీ ద్రావణం, అంటే బఫర్‌లో కాల్షియం ఉందో లేదో రాసి పెట్టుకోండి.

కొలెస్ట్రాల్ కలిపితే

"కొలెస్ట్రాల్ పొరను గట్టిపరుస్తుంది" అన్న మాట సగమే నిజం. దాని బొమ్మలో ఒక చివరన చిన్న హైడ్రాక్సిల్ (ఓహెచ్ గుంపు), ఆ తర్వాత బిరుసైన నాలుగు వలయాలు, రెండో చివర పొట్టి తోక. హైడ్రాక్సిల్ నీటి అంచున ఆగుతుంది. వలయాలు పక్కనున్న తోకల పైభాగానికి పలకలా ఆనుకుంటాయి. ద్రవస్థితిలో ఉన్న పొరలో అయితే ఆ పలక పక్కనున్న తోకలు అటూ ఇటూ ఊగడం మాని తిన్నగా నిలబడతాయి, ఖాళీలు మూసుకుపోతాయి. నీటి పారగమ్యత సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. గట్టి స్థితిలో ఉన్న పొరలో జరిగేది దీనికి వ్యతిరేకం. బిగువుగా పేర్చిన తోకల మధ్య కొలెస్ట్రాల్ అడ్డుపడుతుంది, క్రమం చెదురుతుంది. తగినంత కలిపితే కరిగే ఉష్ణోగ్రత దగ్గరి ఆ శిఖరం చదునైపోతుంది, 41 దగ్గర కట్ట తెగడం ఉండదు.

అందుకే నేను ఎప్పుడూ ముందు "మూల లిపిడ్ ఇప్పుడు ఏ స్థితిలో ఉంది?" అని అడిగి, ఆ తర్వాతే కొలెస్ట్రాల్ ప్రభావం చెబుతాను. సంతృప్త తోకలతో, ముఖ్యంగా స్ఫింగోమయలిన్ అనే లిపిడ్‌తో, కొలెస్ట్రాల్‌కు బాగా పొత్తు కుదురుతుంది. రెండు ద్విబంధాలు దాటిన తోకల పక్కన ఆ పలక సరిగా ఆనదు, ప్రభావం తగ్గుతుంది. జంతు కణాల బయటి త్వచంలో లిపిడ్ అణువుల్లో మూడో వంతు నుంచి సగం దాకా కొలెస్ట్రాలే. మైటోకాండ్రియా లోపలి పొరలో అది చాలా తక్కువ, అక్కడ నాలుగు తోకల కార్డియోలిపిన్ ఉంటుంది.

ఆర్కియాల (బాక్టీరియాకు వేరైన ఏకకణ జీవుల) లిపిడ్లు మీ చేతికి వస్తే మాత్రం పై లెక్కలు కాస్త పక్కన పెట్టండి. వాటిలో ఎస్టర్ బదులు ఈథర్ బంధాలు, తోకల మీద వరసగా మిథైల్ కొమ్మలు ఉంటాయి. కొన్నింటిలో ఒకే అణువు పొర ఈ చివర నుంచి ఆ చివరికి సాగి ఉంటుంది. మరిగే నీటికి దగ్గరి వేడిలో కూడా ప్రోటాన్లను ఆపగలిగే పొరలవి.

అంచనా వేశాక కొలవాలి

నేను వాడేది కాల్సీన్ అనే మెరిసే రంగుతో చేసే పరీక్ష. కాల్సీన్ పొడి మామూలు నీటిలో కరగదు. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేస్తూ కలిపితే కరిగి ముదురు నారింజ రంగు ద్రావణం అవుతుంది, అప్పుడు పీహెచ్ 7.4కి తేవాలి. 70 మిల్లీమోలార్ దగ్గర అణువులు ఒకదాని వెలుగును ఒకటి ఆర్పేసుకుంటాయి. అది బుడగలోంచి బయటికొచ్చి పలచబడగానే ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపే లీక్.

లిపిడ్‌ను క్లోరోఫామ్‌లో కరిగించి గుండ్రటి అడుగున్న ఫ్లాస్కులో ఆవిరి చేస్తే గోడకు పల్చని పొర (ఫిల్మ్) అంటుకుంటుంది. రెండు గంటలైనా వాక్యూమ్‌లో ఉంచండి, మిగిలిన క్లోరోఫామే చిల్లులు పెట్టగలదు. తర్వాత కాల్సీన్ ద్రావణం పోసి కలపాలి, అదీ కరిగే ఉష్ణోగ్రతకు పైన. రెండు సిరంజిల మధ్య ఫిల్టర్ ఉండే ఎక్స్‌ట్రూడర్‌లో, 100 నానోమీటర్ల ఫిల్టర్ గుండా బేసి సంఖ్యలో, 11 సార్లో 21 సార్లో పంపండి. బేసి సంఖ్య ఎందుకంటే, చివరికి నమూనా రెండో సిరంజిలో మిగలాలి. మొదటి సిరంజిలో ఫిల్టర్ దాటని పెద్ద బుడగల ఆనవాళ్లు ఉండిపోతాయి. 55 దగ్గర కరిగే డీఎస్పీసీ (18 కార్బన్ల సంతృప్త తోకలున్న ఫాస్ఫాటిడైల్‌కోలిన్) అయితే ఎక్స్‌ట్రూడర్ మొత్తాన్నీ 60 డిగ్రీల పైన ఉంచాలి, లేకపోతే ఫిల్టర్ మూసుకుపోతుంది, చిరుగుతుంది.

బయట మిగిలిన రంగును పెద్దవాటిని ముందు, చిన్నవాటిని తర్వాత దించే సెఫాడెక్స్ జీ-50 కాలమ్‌తో వేరు చేయండి. ముందు దిగేది మసకగా ఉన్న నారింజ పట్టీ, అది బుడగలు. వెనక వచ్చేది ఆకుపచ్చగా మెరిసే పట్టీ, అది విడి రంగు. రెంటి మధ్య ఖాళీ కనిపించకపోతే ఆ కాలమ్ పొడవు చాలలేదు, మళ్లీ చేయండి. ఫ్లోరోమీటర్‌లో 490 దగ్గర వెలుగు వేసి 520 నానోమీటర్ల దగ్గర చదవండి. చివర్లో ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ వేసి బుడగలన్నీ పగలగొడితే వచ్చేది నూరు శాతం. ఇప్పటి విలువలోంచి మొదటి విలువ తీసేసి, నూరు శాతం విలువలోంచి కూడా మొదటి విలువ తీసేసి, మొదటి తేడాను రెండో తేడాతో భాగించి నూటితో గుణిస్తే లీక్ శాతం వస్తుంది.

నేను పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో చేసిన తప్పొకటి చెప్పాలి. రెండు లిపిడ్లను పోలుస్తున్నాను, రెండూ విపరీతంగా లీక్ అవుతున్నాయి. ద్విబంధాల మీద పేజీలకు పేజీలు వివరణ రాసుకున్నాను. మూడు వారాల తర్వాత, ద్రావణం ఎంత చిక్కనో కొలిచే ఆస్మోమీటర్‌లో పెట్టి చూస్తే లోపలి కాల్సీన్ ద్రావణం కన్నా బయటి బఫర్ బాగా పలచగా ఉంది. నీరు లోపలికి పోయి బుడగలు ఉబ్బి చిరుగుతున్నాయి, అంతే. అందులో లిపిడ్ తప్పు ఏమీ లేదు. అప్పటి నుంచి ఆస్మోలారిటీ (కరిగి ఉన్న కణాల గాఢత) అంకెలు రెండూ నోట్‌బుక్‌లో పక్కపక్కన రాయకుండా పరీక్ష మొదలుపెట్టనివ్వను. బఫర్ తక్కువైతే సోడియం క్లోరైడ్‌తో సరిచేయండి.

ఇంకో సంగతి, కాల్సీన్ పెద్దది, ఛార్జి ఉన్నది. అది ఎక్కువగా చీలికల గుండానే బయటికొస్తుంది. కాబట్టి ఈ పరీక్ష పొరలోని లోపాల గురించి చెబుతుంది, నీటి పారగమ్యత గురించి కాదు. నీటికైతే బుడగలను ఒక్కసారిగా చిక్కటి ద్రావణంతో కలిపి, అవి కుంచించుకుపోయే వేగాన్ని చెదిరే వెలుగుతో కొలవాలి. అది మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది కాబట్టి స్టాప్‌డ్ ఫ్లో పరికరం (ద్రావణాలను క్షణంలో కలిపి వెంటనే కొలిచేది) కావాలి.

కొలత మీ అంచనా కన్నా బాగా ఎక్కువ వచ్చిందా? సిద్ధాంతం మార్చే ముందు సీసా చూడండి. రెండేసి ద్విబంధాలున్న తోకల్లో, ఆ రెంటి మధ్యనున్న కార్బన్ మీది హైడ్రోజన్ తేలిగ్గా ఊడిపోతుంది, అక్కడే ఆక్సిజన్ దాడి మొదలవుతుంది. ఆక్సీకరణ చెందిన చోటు నీటిని ఇష్టపడుతుంది కాబట్టి తోక పైకి వంగి తలల దగ్గరకు వస్తుంది, కొన్ని తోకలు తెగి లైసోలిపిడ్‌లా మారతాయి. సీసా మీద పేరు అదే ఉంటుంది, లోపల ఉన్నది వేరు. అలాంటి లిపిడ్లను ఆర్గాన్ నింపి, మైనస్ 20 లేదా అంతకన్నా చల్లగా దాచండి. క్లోరోఫామ్ ద్రావణాలను గాజు సీసాల్లోనే ఉంచండి, ప్లాస్టిక్‌లోంచి అది పదార్థాలను లాగేసుకుంటుంది. అనుమానం వస్తే టీఎల్‌సీ పలక (అణువులను వేరు చేసి మచ్చలుగా చూపేది) మీద ఒక చుక్క నడపండి. అసలు మచ్చకు కింద, బయలుదేరిన గీతకు దగ్గరగా ఇంకో మచ్చ కనిపిస్తే అది లైసోలిపిడ్ కావచ్చు. ఆ సీసా పక్కన పెట్టి, కొత్తది తెరిచి, ఫిల్మ్ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.